అవతలి దేశం ప్రతినిధి

పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పటి మడతపెట్టడానికి ఇద్దరు మనుషులు కావాలి. చెరో కొసా పట్టుకుని ఎదురెదురుగా నిలబడతారు, ఒక్కసారి గట్టిగా విదిలిస్తారు, ముడతలు పోయేదాకా వెనక్కి వంగి లాగుతారు, తరువాత ఒకరి వైపు ఒకరు నడిచివచ్చి అంచులు కలుపుతారు. అలవాటైన జంటకు చేతుల మీద ధ్యాస అక్కర్లేదు కనుక నోరు ఖాళీగా ఉంటుంది. ఆ ఆవిరిలో, యంత్రాల హోరుకు మించి గొంతు పెంచి మాట్లాడుకునే మాటల్లో, దుప్పట్లతో పాటు డాక్టర్ల సంసారాలు కూడా ఉతికి ఆరేస్తారు.

ఆ లాండ్రీలో ఒక అమ్మాయిని అందరూ 'కాలేజీ' అని పిలిచేవారు. ఉదయపు డ్యూటీ దిగి, చేతులకు పట్టిన బ్లీచింగ్ వాసన వదలకముందే సాయంకాలపు విశ్వవిద్యాలయంలో బి.ఎ. తరగతికి వెళ్లేది కనుక ఆ పేరు పడింది. వెక్కిరింతగా మొదలైన పేరు క్రమంగా మందలింపుకూ ముద్దుకూ కూడా అదే అయింది. ఆమెకు జంటగా దుప్పటి అవతలి కొస పట్టే పెద్దావిడను పెద్దక్క అనేవారు. ఆ చదువులో మొదటి ఏడాది పాఠాలన్నీ పెద్దక్క కూడా అలా, దుప్పటి అడ్డంగా వేసుకుని, సగం సగం విన్నది.

నేను కాలేజీని ఎరిగింది మా సీనియర్ న్యాయవాది ఆఫీసులో, ఆమె కేసు నా బల్ల మీదికి వచ్చినప్పుడు. కేసు అర్థం కావడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. వాళ్లమ్మ పసిపిల్లగా ఉండగా ఎవరి చంకనో ఎక్కి సరిహద్దు దాటి వచ్చింది. కాలేజీ మాత్రం ఈ ఊళ్లోనే, రైలు పట్టాల పక్కన ఒక రేకుల షెడ్డులో పుట్టింది. ఇద్దరికీ ఉన్నవి తాత్కాలిక నివాస కార్డులు. వాటిని ఏటా పొడిగించుకోవాలి, పొడిగించే అధికారికి ఏటా కథ మొదటినుంచి చెప్పుకోవాలి. అవతలి దేశాన్ని అడిగితే, ఈ మనుషులు మాకు తెలియరని జవాబు వచ్చింది. రెంటికీ చెడ్డ రేవడి అని మనం నవ్వుతూ అనేసే మాటను ఆ కుటుంబం రెండు తరాలుగా బతుకుతోంది.

ఇక్కడ పుట్టినవారికి పౌరసత్వం ఇవ్వవచ్చునని చట్టంలో ఒక సెక్షన్ ఉంది. దానికొక షరతు: దరఖాస్తుదారు మరే దేశానికీ విధేయత చూపినవారై ఉండకూడదు. విధేయత అంటే ఏమిటో చట్టం చెప్పలేదు. చట్టం చెప్పకుండా వదిలిన చోటల్లా అధికారి నాలుకే చట్టమవుతుందన్న సంగతి న్యాయకళాశాలలో మాకెవరూ చెప్పలేదు; కోర్టు వరండాల్లో నిలబడి నేర్చుకున్నాం. ఆ సెక్షన్ కింద కాలేజీ దరఖాస్తు పెట్టింది. మంజూరైతే ఆసుపత్రి ఉద్యోగం పర్మనెంటు అవుతుంది, ఆమె మీద ఆధారపడిన మనిషిగా తల్లికీ నిలువ నీడ దొరుకుతుంది. తిరస్కరిస్తే ఉన్న కార్డులు కూడా రద్దవుతాయి. ఒకసారి పెట్టాక వెనక్కి తీసుకునే వీలు లేదు.

విచారణ తేదీ కోసం ఎదురుచూస్తూ ఉండగానే ఆమె చదువు రెండో ఏటికి వచ్చింది. రాజనీతిశాస్త్రం విద్యార్థులు ఆ ఏడు రెండు దారుల్లో ఒకటి ఎంచుకోవాలి: రాజనీతి సిద్ధాంతం, లేదా అంతర్జాతీయ సంబంధాలు. మొదటి వారం రెండు తరగతుల్లోనూ కూర్చుని చూడవచ్చు. వారం ముగిశాక మాత్రం ఒకదానికి కట్టుబడి ఉండాలి.

సిద్ధాంతం తరగతి మెట్ల కింద గదిలో జరిగేది. పైన ఎవరు నడిచినా పాఠం మీద నడిచినట్టుండేది. మాస్టారు సన్నటి మనిషి. ఒక ప్రశ్న వేసి కిటికీ వైపు చూస్తూ ఉండిపోయేవారు, వేసిన సంగతి మరిచిపోయారేమోనని పిల్లలు సర్దుకునేలోగా ఇంకా కష్టమైనది వేసేవారు. మనుషులు రాజ్యానికి ఎందుకు లోబడతారు అన్నది మొదటి రోజు ప్రశ్న. ఈ కోర్సు తీసుకుంటే ఉద్యోగం రాదని, ఇప్పుడు పడుతున్న నిద్ర కూడా పోతుందని ఆయనే ముందుగా హెచ్చరించారు. రెండో రోజుకు ఆ గదిలో కుర్చీల కన్నా మనుషులు తక్కువయ్యారు.

అంతర్జాతీయ సంబంధాలు పై అంతస్తు హాలులో. విదేశాంగ శాఖ పరీక్షలు రాయాలనుకునేవాళ్లంతా అక్కడే కూర్చునేవారు కనుక గోడకు ఆనుకుని నిలబడాల్సి వచ్చింది. మేడం చురుకైన మనిషి; గోడ నిండా పరిచిన ప్రపంచ పటం ముందు అటూ ఇటూ నడుస్తూ పాఠం చెప్పేది. రెండు దేశాల మధ్య ఏముంటుందని ఆమె అడిగింది. సముద్రం అన్నారు, ముళ్లకంచె అన్నారు, వ్యాపారం, ఒప్పందం, యుద్ధం అన్నారు. కాలేజీ చెయ్యి ఎత్తలేదు. మేముంటాం అని మనసులో అనుకున్నదట.

ఆ వారమంతా లాండ్రీలో ఇదే చర్చ. పెద్దక్కకు సిద్ధాంతం అనగానే ఆవులింత వచ్చింది, సంబంధాలు అనగానే ఆసక్తి పుట్టింది.

"దేశాల మధ్య సంబంధాలు నీకెందుకే? నాకూ మా ఆడపడుచుకూ మధ్య సంబంధాలే బాగాలేవు. ముందు అవి చదివి చెప్పు."

"అందులో మధ్యవర్తులు చచ్చిపోతారు పెద్దక్కా, సిలబస్‌లో పెట్టరు" అన్నది కాలేజీ.

ఇంట్లో తల్లికి మాత్రం ఇది నవ్వులాట కాదు. ఆమె పాత బట్టల కుట్టు పని చేస్తూ, జీవితమంతా ఒకే ఒక్క విద్య నేర్చుకున్నది: ఏ బల్ల ముందు నిలబడినా అడిగినదానికి అడిగినంతే చెప్పడం. కూతురు రెండు కోర్సుల గురించీ వివరంగా చెప్పింది. తల్లి సూదిలో దారం ఎక్కిస్తూ వింటూ, చివర్లో ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ సిద్ధాంతమో ఏదో అన్నావే, అందులో దేశాల పేర్లుంటాయా?"

"పెద్దగా ఉండవమ్మా. మనుషులు, రాజ్యం, న్యాయం, అంతే."

"అయితే అదే తీసుకో."

"ఏదో తప్పు చేసినవాళ్లలా దాక్కోవడం దేనికమ్మా?"

"తప్పు చేసినవాళ్లకి ఏం తప్పు చేశారో తెలుస్తుంది, జాగ్రత్తపడతారు. మనకి అదీ తెలీదు" అన్నది తల్లి.

వారం చివర కాలేజీ అంతర్జాతీయ సంబంధాలు ఎంచుకున్నది. ఎందుకని మా సీనియర్ ఒకసారి అడిగితే, సిద్ధాంతం మాస్టారు అడిగే ప్రశ్నలు తనకు పుట్టినప్పటి నుంచీ తెలుసునని, పై అంతస్తులో మాత్రం జవాబులు ఉన్నట్టు కనిపించాయని చెప్పింది. ఇరవై మూడేళ్ల పిల్ల తన బతుకును ఎవరు, ఏ గదిలో కూర్చుని, ఏ ఒప్పందంలో మరిచిపోయారో తెలుసుకోవాలనుకున్నది. ఈ కోరికలో అపరాధం ఎక్కడుందో నాకు ఇప్పటికీ కనబడదు.

ఆ కోర్సులో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాది చివర హాలులో బల్లలు గుండ్రంగా వేసి నమూనా సమావేశం నడుపుతారు. ఒక్కొక్క విద్యార్థి ఒక్కొక్క దేశానికి ప్రతినిధి. ఎవరికి ఏ దేశమన్నది చీటీలు తీసి నిర్ణయిస్తారు. ఇష్టం లేకపోతే పక్కవాడితో మార్చుకోవచ్చు. గుమ్మం దాటి లోపలికి వచ్చాక 'నేను' అనే మాట నిషిద్ధం. 'మా దేశం' అనాలి, 'మా ప్రభుత్వం' అనాలి. నోరు జారి నేను అన్నవాళ్లకు మార్కులు తగ్గుతాయి. ఆ ఏడు చర్చనీయాంశం సరిహద్దు ప్రాంతాల్లో ఏ దేశమూ లెక్కలోకి తీసుకోని ప్రజలు. కాలేజీ తీసిన చీటీలో అవతలి దేశం పేరు ఉంది.

మేడం ఆమె పక్కకు వచ్చి, కావాలంటే మార్చుకోవచ్చునని మెల్లగా చెప్పింది. వద్దు, ఉండనివ్వండి అన్నది కాలేజీ.

సాధనంతా లాండ్రీలోనే. పెద్దక్కను మన దేశ ప్రతినిధిని చేసి నిలబెట్టింది. దుప్పటి ఒక కొసన అవతలి దేశం, రెండో కొసన ఇవతలి దేశం. పెద్దక్కకు ఆ హోదా బాగా పట్టింది. "మా దేశం దేనికీ ఒప్పుకోదు. ముందు నీ వైపు సరిగ్గా లాగు, ముడత పడుతోంది" అని రెండు దేశాల పనీ ఒకే మాటలో చూసుకునేది. ఇస్త్రీ యంత్రం దగ్గరివాళ్లు ఏ దేశం గెలుస్తుందని పందాలు వేసుకునేవారు. ఆ ఆవిరి గదిలో అంతగా నవ్వుకున్న రోజులు మళ్లీ రాలేదని పెద్దక్క తరువాత నాతో అన్నది.

సమావేశం రోజున మిగిలిన ప్రతినిధులు పత్రికల భాషలో మాట్లాడారు. తీవ్ర ఆందోళన వ్యక్తం చేశారు, సంయమనం పాటించాలని కోరారు. కాలేజీ వంతు వచ్చింది. ఆమె లేచి, చేతిలో కాగితం లేకుండా, లాండ్రీలో అలవాటైన పెద్ద గొంతుతో మాట్లాడింది. ఆ రికార్డింగు నేను ఎన్నోసార్లు విన్నాను. "వీళ్లు మావాళ్లు. వీళ్ల తాతలు వెళ్లిపోయిన రోజున మా దేశం వెనక్కి తిరిగి చూడలేదు. అది మా తప్పు. ఇవాళ మా దేశం వీళ్లని పేరుపేరునా పిలుస్తోంది. రాదలుచుకున్నవాళ్లు రావచ్చు. అక్కడే ఉంటామంటే, వాళ్లని మనుషుల్లా చూడమని మీ దేశాన్ని అడిగే హక్కు మాకుంది." హాలంతా చప్పట్లు కొట్టింది. ఏ ప్రభుత్వమూ తన తప్పును అంత పొట్టి వాక్యంలో ఒప్పుకోదని మేడం నవ్వుతూ అన్నా, మొదటి బహుమతి ఆమెకే ఇచ్చింది.

ఎవరో ఫోనులో తీశారు. విభాగం వాళ్లు గర్వంగా విశ్వవిద్యాలయం పేజీలో పెట్టారు. దాని వెనక ఎవరి కుట్రా లేదు. శత్రువంటూ ఒకరుంటే ఈ కథ రాయడం నాకు సులువయ్యేది. మెచ్చుకున్నవాళ్లు నలుగురికి చూపించారు, చూసినవాళ్లు ఇంకొందరికి పంపారు, అలా మెప్పు మీద మెప్పుగా ప్రయాణం చేసి అది ప్రభుత్వ న్యాయవాది బల్ల మీదికి చేరింది.

విచారణ జరిగింది పాత గిడ్డంగి లాంటి ఒక భవనంలో, పౌరసత్వ మండలి ముందు. ముగ్గురు సభ్యులు, ఒక ఫ్యాను, సాక్షి నిలబడేందుకు ఒక చెక్క బోను. ప్రభుత్వ న్యాయవాది మెత్తని మనిషి. గొంతు పెంచడు, బెదిరించడు. అలాంటివాళ్లనే చూసి భయపడాలని మా సీనియర్ ఎప్పుడూ అంటారు. ముందుగా చదువు గురించి అడిగాడు. లాండ్రీలో పని చేస్తూ చదవడం గొప్ప విషయమన్నాడు. రెండు కోర్సుల్లో ఏదైనా తీసుకునే స్వేచ్ఛ ఉన్నదా అన్నాడు. ఉన్నదని ఆమె చెప్పింది. మరి ఇదే ఎందుకు తీసుకున్నారని అడిగితే, దేశాల మధ్య ఏం జరుగుతుందో తెలుసుకోవాలని తీసుకున్నానన్నది. అప్పుడు వీడియో వేశారు.

మా సీనియర్ లేచి, ఇది తరగతి అభ్యాసమని, నాటకంలో హంతకుడి వేషం వేసినవాడిని ఉరి తీయరని వాదించారు. అధ్యక్షుడు తల ఊపి, ప్రశ్నలు సాగనివ్వండి అన్నాడు.

"ఆ దేశం మీకు చీటీలో వచ్చింది. మార్చుకునే వీలుందా?"

"ఉందండీ."

"మార్చుకోలేదు."

"లేదండీ."

"మా దేశం, మా దేశం అని అన్నిసార్లు అన్నారు కదా. అంటున్నప్పుడు మీకెలా అనిపించింది?"

సీనియర్ మళ్లీ లేచారు. ఆ ప్రశ్నకు చట్టంలో చోటు లేదన్నారు. అధ్యక్షుడు ఆయన వైపు చూడకుండా, సాక్షిని చెప్పనివ్వండి అన్నాడు. ఆమెకు మేం చెప్పించిన జవాబు ఒకటుంది: ఏమీ అనిపించలేదు, మార్కుల కోసం అన్నాను. అంత చిన్న జవాబు. ఆమె బోను అంచును రెండు చేతులా పట్టుకుని ఆలోచించింది. ప్రమాణం చేసి నిలబడ్డాక నిజం చెప్పాలని నమ్మే పిచ్చితనం చదువుకున్నవాళ్లలో పోయింది. ఆ పిల్లలో ఇంకా ఉంది.

"హాయిగా అనిపించిందండీ" అన్నది.

"ఎందుకని?"

"మా దేశం అంటే, ఏ దేశం అని ఎవరూ అడగలేదు."

ప్రభుత్వ న్యాయవాది కృతజ్ఞతలు చెప్పి కూర్చున్నాడు. ఇంకేమీ అడగలేదు.

ఉత్తర్వు వచ్చింది. దరఖాస్తుదారు ఆ కోర్సును స్వచ్ఛందంగా ఎంచుకున్నదని, ఆ దేశ ప్రతినిధి పాత్రను స్వచ్ఛందంగా అట్టిపెట్టుకున్నదని, ఆ దేశాన్ని తన దేశంగా చెప్పుకోవడంలో హాయి పొందినట్లు స్వయంగా అంగీకరించినదని, అందుచేత మరొక దేశానికి మానసిక విధేయత రుజువైనదని మండలి రాసింది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఇద్దరి కార్డులూ రద్దయ్యాయి. ఏ దేశానికి పంపాలో మాత్రం రాయలేదు. రాయలేరు, ఆమె ఎవరి తరఫున మాట్లాడిందో ఆ దేశం ఆమెను ఎరగనని అంతకు ముందే చెప్పి ఉంది.

ఆసుపత్రి ఆమెను డ్యూటీ పట్టిక నుంచి తీసేసింది. మనిషి తక్కువైన రోజున కబురు పెడతామన్నారు. విశ్వవిద్యాలయం వీడియోను తొలగించి, దాంతో పాటు విద్యార్థుల జాబితాలోంచి ఆమె పేరును కూడా తొలగించింది. అంతర్జాతీయ సంబంధాల మేడం సాక్ష్యం చెబుతానని మా ఆఫీసుకు వచ్చింది, మళ్లీ వచ్చి, చెప్పవద్దని పైవాళ్లు అన్నారని ఏడ్చింది. ఆమె కన్నీళ్లు నిజమైనవే. అప్పీలులో కన్నీళ్లను జతపరిచే వీలు లేదని నేను అన్నాను. సీనియర్ నన్ను మందలించారు గాని, అది తప్పని ఆయనా అనలేదు.

పెద్దక్క పై కోర్టుకు వెళ్లమని పట్టుబట్టింది. పోరాడకపోతే రేపటి నుంచి దుప్పటి రెండో కొస ఎవరు పట్టుకుంటారని అడిగింది. ఆ మాట వేళాకోళంగా అన్నదో, దుఃఖంతో అన్నదో తెలియలేదు.

అప్పీలు నిలబడాలంటే ఒక్కటే దారి అని సీనియర్ తేల్చారు. ఆ 'హాయి' అన్న మాటను చెరిపేయాలి. అందుకొక ప్రమాణ పత్రం తయారైంది. సదరు సమావేశంలో నేను పలికిన మాటలు మార్కుల నిమిత్తం కంఠస్థం చేసినవి. వాటితో నాకు ఏ విధమైన మానసిక సంబంధమూ లేదు. మండలి ముందు నేను చెప్పిన జవాబు కంగారులో చెప్పినది, వాస్తవం కాదు. చట్టం దృష్టిలో అది మంచి ముసాయిదా. వాక్యాలు నేనే కూర్చాను.

తల్లీ కూతుళ్లు ఆఫీసుకు వచ్చారు. కాలేజీ ఆ కాగితం చదివి బల్ల మీద పెట్టింది.

"ఇది కంఠస్థం చెయ్యలేదు లాయర్ మేడం. అక్కడ నిలబడి అనుకుని అన్నాను."

చట్టం అడిగేది అది కాదని నేను చెప్పాను. ఆమె వినలేదు. ప్రమాణం చేసి నిజం చెప్పినందుకు కార్డు పోయింది, మళ్లీ ప్రమాణం చేసి అబద్ధం చెబితే వస్తుందా అని అడిగింది. వస్తుందని కాదు, ఇది లేకపోతే రాదని చెప్పారు సీనియర్. ఆమె ఆ మాట తప్ప ఇంకేదైనా రాయమన్నది. ఆ చదువు చదివినందుకు క్షమించమని రాయండి, ఇంకెప్పుడూ చదవనని రాయండి, దాని మీద సంతకం పెడతాను అన్నది. తల్లి కుర్చీ దగ్గరికి జరుపుకున్నది.

"హాయిగా ఉందన్నావు కదా. ఎంతసేపుంది?"

కూతురు కాగితాన్ని మళ్లీ చేతిలోకి తీసుకున్నది.

"నాకు ఎప్పుడూ లేదు. నీకు ఆ కాసేపు ఉందేమో, అంతకు ముందు లేదు, ఇక ముందు ఉండదు. లేదని రాయడానికి నీకంత నొప్పి ఏమిటే? నన్ను ఎక్కడికి పంపుతారో కూడా తెలీదు. ఆ ఊళ్లో నాకు దారి అడగడం కూడా రాదు."

తల్లి గొంతు పెంచలేదు. లెక్క చెబుతున్నట్టే చెప్పింది. కాలేజీ చాలాసేపు ఆ కాగితం అంచును వేళ్లతో సాపు చేస్తూ కూర్చుని, కలం అడిగింది.

ప్రమాణ పత్రాలు ధ్రువీకరించే అధికారి కింది అంతస్తులో కూర్చుంటాడు. రోజంతా ముద్రలు వేసి వేసి తల ఎత్తకుండానే అడిగే ప్రశ్న ఒకటి ఉంది. ఇందులో రాసినదంతా మీకు తెలిసినంత మేరకు నిజమేనా అన్నాడు. ఆమె నిజమే అన్నది. ముద్ర పడింది. సంతకం కింద తేదీ వేయమంటే వేసింది.

అప్పీలును పై కోర్టు స్వీకరించింది. తీర్పు వచ్చేదాకా ఇద్దరినీ ఎక్కడికీ పంపరాదని ఉత్తర్వు ఇచ్చింది. అది గెలుపని కొత్తవాళ్లు అనుకుంటారు. ఇల్లు అలకగానే పండగ కాదని సీనియర్ అన్నారు. ఇది రాస్తున్న నాటికి అప్పీలు విచారణకు రాలేదు.

సంతకం పెట్టిన రోజు మెట్లు దిగుతుండగా కాలేజీ నా వైపు తిరిగి, కేసు గెలిస్తే ఆ కాగితాన్ని ఏం చేస్తారని అడిగింది. కోర్టు రికార్డులో ఉంటుందని చెప్పాను.

"ఓడిపోతే?"

"అప్పుడూ ఉంటుంది."

తల్లి మోకాళ్ల నొప్పితో ఒక్కొక్క మెట్టూ ఆగి ఆగి దిగుతోంది. కాలేజీ ఒక మెట్టు కిందికి దిగి నిలబడి, ఆనుకోమని భుజం ఇచ్చింది.